రెండో సెన్నా, రెండో పందెం

బ్రెజిల్‌లో కారు పందేల్లో కాస్త పేరు తెచ్చుకున్న ప్రతి కుర్రవాడూ, ఇష్టం ఉన్నా లేకపోయినా, అయిర్టన్ సెన్నాకు వారసుడు కావలసిందే. 1988, 1990, 1991లలో ప్రపంచ విజేతగా నిలిచి 1994లో ఇమోలా పందెంలో మరణించిన సెన్నా సింహాసనం అక్కడ ఎన్నడూ ఖాళీగా ఉండకూడదు. 2017లో ఫెలిపె మాసా తప్పుకున్నాక మాత్రం దానిమీద కూర్చోబెట్టడానికి ఫార్ములా 1లో పూర్తికాలపు డ్రైవరే కరువయ్యాడు. 2004లో పుట్టిన గాబ్రియెల్ బోర్తొలెతో 2025లో సౌబర్ జట్టులో చేరగానే అభిమానులు ఊపిరి పీల్చుకుని కిరీటం తొడిగేశారు. మొదటి పది స్థానాల్లో వచ్చినవారికే దక్కే పాయింట్లు అతనికి తొలిసారి దొరికింది పదకొండో పందెంలో, ఆస్ట్రియాలో. సొంత నగరం సావొ పావ్లోలో చిన్న పందెమైన స్ప్రింట్‌లోనూ, అసలు పందెంలోనూ కారు గమ్యం చేరలేదు.

ఈ కిరీటం విషయంలో కుర్రవాడి తప్పేమీ లేదు. కార్ట్ అనే పైకప్పు లేని చిట్టి పందెపు బండి నడపడానికి పదకొండేళ్లకే ఇటలీ వెళ్లి, మోటారు క్రీడల వ్యాపారంలో ఉన్న తండ్రి అండతో, 2023లో ఫార్ములా 3ను, మరుసటి ఏడు దాని పై మెట్టైన ఫార్ములా 2ను తొలి యత్నంలోనే గెలిచాడు. ఆ ఫార్ములా 2నే 2022లో గెలిచిన ఫెలిపె ద్రుగోవిచ్‌కు దక్కింది మాత్రం ఆస్టన్ మార్టిన్‌లో రిజర్వు పదవి, అనగా అసలు డ్రైవరుకు జబ్బు చేస్తే తప్ప పందెంలో కారెక్కని కొలువు. అభిమానం డబ్బు లెక్కలు చూడదు, జట్లు అవి తప్ప మరొకటి చూడవు.

ముందుగానే కిరీటం తొడిగే ఈ విద్యలో తెలుగువారు మరో అడుగు ముందున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న రీతిలో, బ్రెజిల్ అభిమానికి కనీసం ఒక డ్రైవరైనా ఉండగా, హైదరాబాద్‌కు అదీ అవసరం లేకపోయింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా ఇ జరిగినప్పుడు నగరం ప్రపంచ పటంలోకి ఎక్కిందన్నారు. నాలుగు శతాబ్దాలకు పైబడిన ఊరు అంతవరకు ఏ పటంలో ఉండేదో ఎవరూ అడగలేదు. ఆ పందెంలో లూకాస్ ది గ్రాసీ, సెర్జియొ సెట్టె కామరా అనే ఇద్దరు బ్రెజిల్‌వారు ఉన్నారు, తెలుగు డ్రైవరు ఒక్కడూ లేడు. 2024 జనవరిలో రెండో పందెం రద్దయింది, డబ్బు చెల్లింపుల వ్యవహారం అవినీతి నిరోధక శాఖ కేసైంది.

జంషెడ్‌పూర్‌లో, కాసిడీహ్ పేట నుంచి టెల్కో పేట దాకా ఉన్న తెలుగువారికి, మనవాడు లేకుండానే పందెం జరిపే ఈ తంతు ఇనుప రూపం తెలిసే ఉండాలి. ఆ ఊళ్లో తయారయ్యే టాటా ప్రైమా లారీలకు 2014లో బుద్ధ్ సర్క్యూట్ అనే పందెపు బాటమీద పందేలు మొదలైనప్పుడు బండ్లు స్వదేశీ, తోలినవారు విదేశీయులు; 2016లో గానీ దేశీయ లారీ డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి బరిలోకి దింపలేదు. ఏళ్ల తరబడి రోడ్డుమీద బండి తోలి వచ్చిన ఆ మనుషులకు ఎవరి వారసత్వమూ అంటగట్టాలని ఎవరికీ తోచినట్టు లేదు.