రంగాపురం గుట్ట మీది అద్దం

నేను అద్దాన్ని. అడ్డకొలత 48 అంగుళాలు. నల్గొండ సరిహద్దుకు దగ్గర్లో, ఇబ్రహీంపట్నం దిక్కున, జాపాల–రంగాపురం గుట్ట మీది ఉస్మానియా విశ్వవిద్యాలయం దుర్భిణిలో 1968లో కుదురుకున్నాను.

చుక్కల వెలుగు పోగుచేసి కొలిపించడం నా పని. ఖగోళ శాస్త్రవేత్త కె.డి. అభ్యంకర్ గారికి, ఆయన శిష్యులకు జంట నక్షత్రాలంటే ప్రాణంగా ఉండేది. జంటలో ఒకటి రెండోదాన్ని కప్పినప్పుడు వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదల పట్టాలంటే ముందు పక్కనున్న నిలకడైన చుక్కను చూడాలి, తర్వాత అసలు చుక్కను, ఆపైన ఖాళీ ఆకాశాన్ని, మళ్లీ పక్క చుక్కను. చలికాలమంతా తెల్లవార్లూ ఇదే వరుస. మధ్యనున్న గాలి రెండు చుక్కలనూ దాదాపు ఒకేలా మసకబారుస్తుంది, అందుకే వాటి మధ్య తేడానే నమ్మేవాళ్లు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి శాస్త్రవేత్తలు ఈ గుట్టెక్కారు, పేరొచ్చింది. నాకు మాత్రం ఎవరికీ తెలియని ఆ కొలతల రాత్రులే ఎక్కువ ఇష్టం.

ఎందుకంటే గ్రహాల వేటకూ అదే విద్య. 1999లో డేవిడ్ షార్బొనో బృందం పది సెంటీమీటర్ల దుర్భిణితోనే హెచ్‌డీ 209458 అనే నక్షత్రం ముందు నుంచి దాని గ్రహం దాటిపోవడం పట్టుకుంది. నూటికి ఒకటిన్నర వంతు మసక, అంతే! వానలు వెనకబట్టాక ఆ చుక్క పాలమూరు, నల్గొండ చేల మీదుగా రోజూ నడిచేదే.

నిక్కు మధుసూదన్ ఇంకో అడుగు ముందుకేశారు. వారణాసిలో ఇంజనీరింగ్ చదివి, ఎం.ఐ.టి.లో సారా సీగర్ దగ్గర 2009లో పీహెచ్‌డీ పూర్తిచేసి, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉన్నారు. గ్రహం దాటేటప్పుడు నక్షత్రపు వెలుగులో కొంత దాని గాలిపొర గుండా వస్తుంది. ఏ రంగు తగ్గిందో చూసి అక్కడ ఏ వాయువుందో లెక్కగడతారు. 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి అనే గ్రహం మీద 2023లో ఆయన బృందం మీథేన్, కార్బన్ డయాక్సైడ్ గుర్తించింది. అందుకు వాడింది జేమ్స్ వెబ్ దుర్భిణి, దాని అద్దం ఆరున్నర మీటర్లు.

2025 ఏప్రిల్‌లో అదే గ్రహం మీద డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు జాడ కనిపించిందని ఆ బృందం చెప్పింది. భూమ్మీద దాన్ని ప్రధానంగా సముద్రపు సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. ఫలితం కాకతాళీయం కాదని ఎంత నమ్మవచ్చో సిగ్మాల్లో చెబుతారు; తమది మూడు సిగ్మాల ఆధారమేనని, ఐదు కావాలని ఆ బృందమే ఒప్పుకుంది. అవే కొలతలను మళ్లీ లెక్కించిన వేరేవాళ్లు ఒప్పుకోలేదు. కొలతలతో బతికిన నాకు ఈ పట్టుదల నచ్చింది. ఆ గ్రహం 33 రోజులకోసారి తన నక్షత్రం ముందుకొస్తుంది. మరికొన్ని దాట్లు కొలవాలి.