నోడుమాడ్యులనెడి నూతి: టీకా తాత్పర్య సహితం

మూలం:

పబ్లికొకటి, సోర్సు, ప్యాకేజి జేసను,
నోడుమాడ్యులనెడి నూతి లోతు,
లాకుఫైలు మరువ లావైన చిక్కురా!
రీడుమీని వ్రాయరెవరు మొదట.

అవతారిక: ఫ్రంటెండు ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న శిష్యుడు “ఏ ఫోల్డరు ఎక్కడ పెట్టాలి గురువుగారూ?” అని అడిగినప్పుడు చెప్పిన పద్యమిది. జవాబు పూర్తయ్యేలోగా శిష్యుడు ఇన్‌స్టాల్ కమాండు కొట్టేశాడని పెద్దలంటారు. కవి పేరు తెలియదు. భాషను బట్టి మాదాపూర్ ప్రాంతీయుడు కావచ్చు.

ప్రతిపదార్థం: పబ్లికు + ఒకటి = ఫేవికాన్ లాంటి, బిల్డులో ఉన్నవున్నట్టు కాపీ అయ్యే ఫైళ్లకు ఒక ఫోల్డరు; సోర్సు = మనం రాసే కోడంతా ఉండే తావు; ప్యాకేజి జేసను = ప్రాజెక్టు పేరు, వాడే లైబ్రరీలు, నడిపే స్క్రిప్టులు రాసుకున్న ఫైలు; నోడుమాడ్యులు + అనెడి = దిగుమతైన లైబ్రరీలన్నీ చేరే ఫోల్డరు అనే; నూతి లోతు = అడుగు కనబడని బావి; లాకుఫైలు మరువ = దిగిన వెర్షన్లు రాసి ఉండే లాకుఫైలును గిట్‌లో కమిట్ చేయడం మరచినచో; లావైన చిక్కురా = పెద్ద తంటా సుమా; రీడుమీని = రీడ్‌మీ ఫైలును; మొదట = ఆరంభమున; ఎవరు వ్రాయరు = ఎవ్వరూ రాయరు.

తాత్పర్యం సుగమం. చిక్కంతా విశేషాల్లో ఉంది.

ఛందస్సు ఆటవెలది. నో–నూ, రీ–రె యతిమైత్రి సరిపోయింది. “ప్యాకేజి జేసను” అన్నచోట గణం కోసం కవి మధ్యనున్న చుక్కను మింగేశాడు. కవులకు చెల్లిన ఈ చనువు లైబ్రరీలు దింపే ఎన్‌పీఎం దగ్గర చెల్లదు. చుక్క లేకపోతే ఆ ఫైలు దానికి కనబడదు.

పాఠాంతరం: పూర్వ వ్యాఖ్యాతలు ప్రాజెక్టును క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలుపెట్టమన్నారు. 2016లో వచ్చిన ఆ సాధనాన్ని కొత్త యాప్‌లకు ఇక వాడొద్దని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే చెప్పింది. ఇప్పుడు చెల్లుబాటయ్యే పాఠాల్లో వీట్ ఒకటి. ఎవాన్ యూ 2020లో తెచ్చినది. పాత పాఠంలో ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ పబ్లిక్‌లో ఉండేది, వీట్‌లో ప్రాజెక్టు ఫోల్డరులో బయటే ఉంటుంది. పాత వీడియో చూస్తూ కొత్త ప్రాజెక్టు పెట్టిన శిష్యులు ఆ ఫైలు పోయిందని కంగారు పడుతుంటారు. పోలేదు నాయనా, గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

“నూతి లోతు” రూపకాలంకారమని కొందరు. స్వభావోక్తి అని నా అభిప్రాయం. మనం పేరుపెట్టి అడిగేవి పదో పదిహేనో లైబ్రరీలు. వాటికి కావలసినవి, మళ్లీ వాటికి కావలసినవి కలిసి వందల్లో దిగుతాయి. వాటిలో చిన్నది ఒక్కటి పోయినా చిక్కే. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని దాని రచయిత వేరే ప్యాకేజీ పేరు మీద వచ్చిన తగాదాలో విసుగెత్తి ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. మాటకు ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చడం తప్ప దానికి వేరే పని లేదు. అయినా బాబెల్ అనే పేరున్న సాధనంతో సహా వేల ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. గంటల్లోనే దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది.

ఇక మూడో పాదం పద్యానికి ప్రాణం. ప్యాకేజి జేసనులో ఒక లైబ్రరీ వెర్షన్ 18.2.0 ముందు టోపీ గుర్తు (^) ఉంటే “అది గానీ, 19 లోపు ఇంకా కొత్తది గానీ” అని అర్థం. సోమవారం నీకు దిగింది ఒకటి, గురువారం పక్క సీటాయనకు దిగింది మరొకటి. “నా మెషిన్‌లో పనిచేస్తోందే!” అనే మహావాక్యం తరచు పుట్టేది ఇక్కడే. 2017లో ఎన్‌పీఎం 5తో వచ్చిన లాకుఫైలు ప్రతి లైబ్రరీకీ, దాని కిందివాటికీ కచ్చితమైన వెర్షన్ రాసిపెడుతుంది. మెర్జ్ చేసేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ రాగానే దాన్ని డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టేవారున్నారు. వారికి నిష్కృతి లేదు. సర్వర్ మీద బిల్డుకు “ఎన్‌పీఎం సీఐ” వాడాలి. అది పాత నోడుమాడ్యుల్స్‌ను తుడిచేసి లాకుఫైలులో ఉన్నదే దింపుతుంది. ప్యాకేజి జేసనుకూ లాకుఫైలుకూ పొంతన కుదరకపోతే నిర్మొహమాటంగా ఆగిపోతుంది.

సోర్సు లోపల ఏ అమరిక అన్నది కవి చెప్పలేదు. ఇక్కడ రెండు మతాలు. కాంపొనెంట్లన్నీ ఒకచోట, హుక్సన్నీ ఒకచోట, ఏపీఐ కాల్సన్నీ ఒకచోట అని మొదటి మతం. ఆవకాయ అమ్మే సైటులో కూపన్ పెట్టె మార్చాలంటే ఈ పద్ధతిలో కాంపొనెంట్స్‌కు ఒకసారి, హుక్స్‌కు ఒకసారి, ఏపీఐకి, స్టైల్స్‌కు మరోసారి తిరగాలి. కార్టు, చెల్లింపు, చిరునామా అని పనిని బట్టి విడదీసి, కూపన్‌కు సంబంధించినవన్నీ కార్టు ఫోల్డరులోనే పెట్టమనేది రెండో మతం. నాలుగు పేజీల యాప్‌కు మొదటిది చాలు. పెరిగేదైతే రెండోదే శరణ్యం. ఏ మతంలోనైనా యుటిల్స్ అనే ఫోల్డరు పుడుతుంది, ఎక్కడా ఇమడనిదంతా అందులో చేరుతుంది.

నాలుగో పాదంలో “మొదట” అన్నాడు కాబట్టి చివరన రాస్తారని ధ్వని. అనుభవంలో చివరనా రాయరు. ఈ టీక చదివినవారు మరేమీ చేయకపోయినా, నోడ్ ఏ వెర్షన్ కావాలో, ఎన్విరాన్‌మెంట్ ఫైలులో ఏ పేర్లు ఉండాలో, ఏ కమాండుతో మొదలుపెట్టాలో రీడ్‌మీలో మూడు వరుసలు ఈరోజే రాసి కమిట్ చేయండి.