సీను తీసేస్తే కథకు ఏమవుతుంది?

మా రోజుల్లో నా తోటివాళ్లలో విజువల్ నవల కొనేవాడు ముందు అడిగేది "రాసిందెవరు?" అని. ఇప్పుడు అడిగేది "శృంగార సీన్లు ఉన్నాయా?" అని. ఉన్నాయంటే ఒక గుంపు ఎగబడుతుంది, ఇంకో గుంపు చీదరించుకుంటుంది. లేవంటే గుంపులు తారుమారవుతాయి. మధ్యలో కథ గురించి మాట్లాడే నాథుడే లేడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. విజువల్ నవల అంటే తెర నిండా బొమ్మ, అడుగున రెండు మూడు పంక్తుల మాటలు, వెనక సంగీతం. నొక్కుతూ చదువుకుపోవాలి. అక్కడక్కడా కథ ఆగి, ఇప్పుడేం చేస్తావని మనల్నే అడుగుతుంది. మన జవాబును బట్టి దారి మారుతుంది. దీని పుట్టిల్లు జపాన్.

ఆ పుట్టింటి సంగతులు ఈ కాలపు పిల్లలకు బొత్తిగా పట్టవు. శృంగార దృశ్యాలు లేకపోతే ఈ రూపమే పుట్టేది కాదని వాదించేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. శుద్ధ తప్పు. 1992లో చున్‌సాఫ్ట్ సంస్థ సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద 'ఒతొగిరిసో' తెచ్చింది. 1994లో 'కమైతాచి నో యోరు' తెచ్చింది. మొదటిది పాత భవంతిలో భయం, రెండోది మంచుకొండల్లో విడిదింట హత్య. రెండూ అలాంటి సీన్ల మీద నిలిచినవి కావు. ఆ బాటలోనే నడిచిన లీఫ్ అనే చిన్న సంస్థ 1996లో 'షిజుకు' తెచ్చి, తన వరుసకు విజువల్ నవల అని పేరు పెట్టుకుంది. ఆ పేరే నిలిచింది. అయితే లీఫ్ వాళ్లు తమ సరుకును పెద్దలకు మాత్రమే అమ్మారు.

ఎందుకంటే, అది బతుకుతెరువు. నింటెండో, సోనీ యంత్రాల మీద గేమ్ వేయాలంటే వాళ్ల అనుమతి కావాలి, రుసుము కట్టాలి, వాళ్ల నియమాలకు లోబడాలి. కంప్యూటరుకు ఆ బెడద లేదు. రాసేవాడు, బొమ్మలేసేవాడు, సంగీతం కట్టేవాడు, ప్రోగ్రామరు కూడితే సీడీ బయటికొచ్చేది. కానీ ఊరూ పేరూ లేని సంస్థ సీడీకి 8,800 యెన్‌లు పోసేదెవరు? పోయించినవి ఆ దృశ్యాలే. అవి కొన్ని పెట్టాక, మిగతా కథంతా ఏం రాస్తావని రచయితను ఎవరూ నిలదీసేవారు కాదు. మతి చలించడం గురించి రాశారు, చావు గురించి రాశారు, అందరూ మరిచిపోయిన మనుషుల గురించి రాశారు. పెద్ద సంస్థలు అంత సులువుగా ముట్టుకోని విషయాలవి. ఆ దృశ్యాలు ఈ ప్రక్రియకు చేసిన మేలు అదీ. వాటి చాటున రచయితకు చోటు దొరికింది.

ఉద్యోగం మీద ఒసాకాలో ఉన్న రోజుల్లో నిప్పొన్‌బాషి దుకాణాల్లో ఆ పెట్టెలు తిరగేసేవాణ్ని. 18 ఏళ్లు నిండనివారికి అమ్మరాదన్న చీటీ పెట్టె మీదే ఉండేది. 1991లో ఒక బడిపిల్లవాడు అలాంటి గేమ్ దొంగిలించి దొరికిపోవడంతో పెద్ద గొడవ రేగింది. మరుసటి ఏడు ఆ సంస్థలు కలిసి సోఫురిన్ అనే సంఘం పెట్టుకుని, తమ సరుకుకు తామే హద్దు గీసుకున్నాయి. ఏది పెద్దలది, ఏది కాదు అన్న గీత కంటికి కనిపించేది. ఇష్టమున్నవాడు దాటేవాడు, లేనివాడు పక్క అరకు పోయేవాడు.

మా కాలాన్ని వెనకేసుకొస్తున్నానని మచ్చను దాచను. ఆ కథల్లో సగానికి సగం బడిలోనే నడిచేవి. యూనిఫాం తొడిగిన పాత్రలను అలాంటి దృశ్యాల్లోకి లాగి, అందరికీ 18 నిండాయని మొదట్లో ఒక వాక్యం తగిలించేవారు. ఆ వాక్యంతో పాపం పోదు. అది అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఈ ప్రక్రియకు శృంగారం మేలు చేస్తుందా అని తూచేటప్పుడు ఆ సరుకును త్రాసులోకి ఎక్కించనే కూడదు. శృంగారానికి చోటుందంటే ఎదిగిన మనుషుల కథల్లోనే.

నా కొలత ఒక్కటే. సీను తీసేసి చదవండి. కథకు ఏమీ కాకపోతే ఆ సీను మొదట్నుంచీ దండగే. కీ అనే ఒసాకా సంస్థ 1999లో 'కానన్' తెచ్చింది. మరుసటి ఏడు ఆ దృశ్యాలు తీసేసి అందరి కోసం మరో కూర్పు వేశారు. చదివినవాళ్లు అక్కడే నవ్వారు, అక్కడే ఏడ్చారు. చివరికి 2004లో 'క్లానాడ్'ను మొదటి రోజు నుంచే అందరి పుస్తకంగా విడుదల చేశారు. అదే ఏడు టైప్‌మూన్ వాళ్ల 'ఫేట్/స్టే నైట్' పెద్దల గేమ్‌గా వచ్చింది. 2007లో ప్లేస్టేషన్ 2 మీదికి ఆ దృశ్యాలు లేకుండా వెళ్లింది. కథలోని మాయాయుద్ధం చెక్కు చెదరలేదు. ఈ సంస్థలు అలా అరువు ఊతను వదిలేసి నిలబడినందుకు నాకు గౌరవమే.

మరి తీసేస్తే దెబ్బతినే కథ లేదా అంటే, ఉంది. లీఫ్ వాళ్లదే, 1998 నాటి 'వైట్ ఆల్బమ్'. కాలేజీ కుర్రాడు. ప్రేమించిన పిల్ల పాటగత్తెగా పేరు తెచ్చుకుంటోంది, కలవడానికి తీరిక లేదు. వాడి ఒంటరితనం వాణ్ని మరో స్త్రీ దగ్గరికి నడిపిస్తుంది. ఇక్కడ జరిగే ద్రోహం మనసుతో ఆగదు. అందులో దేహం ఉంది. ఆ రాత్రిని చూసిన పాఠకుడికే ఆ తర్వాత జరిగేది భరించరానిదవుతుంది. తలుపు మూసి, వెలుగు తగ్గించి, మర్నాటికి దాటించేస్తే వాడి తప్పు తేలికైపోతుంది, ఆ పిల్ల నష్టమూ తేలికైపోతుంది. అలాంటి చోట రచయిత కళ్లు తిప్పుకోకూడదు. శృంగారం అక్కడ కథను మోస్తుంది.

ఇక ఇప్పటి తంతు చూడండి. మా మేనల్లుడు ఒక గేమ్ చదువుతూ, "మామయ్యా, ఇది కోసేసిన కూర్పు, ప్యాచ్ వేసుకుంటే మిగతాది వస్తుంది" అన్నాడు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో ఒక రూపం అమ్ముతారట, కోసేసిన ముక్కను ప్రచురణకర్త సైటు నుంచి తెచ్చుకుని అతికించుకోవాలట. పుస్తకం కొన్నవాడికి నడిమి అధ్యాయం వేరే కొట్లో ఇవ్వడమేమిటి? ఆ సీను కథకు అవసరమైతే కోయడానికి చేతులెలా వచ్చాయి? అవసరం లేకపోతే అతికించడం దేనికి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేని రచయిత ఆ సీను రాయకూడదు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది ఫోన్లలో ఆడే బొమ్మల గేమ్‌లు. పెద్దలకు మాత్రమే అన్న చీటీ ఉండదు. పాత్రల బట్టలు మాత్రం అడుగడుగునా జారుతుంటాయి, ఆ బొమ్మ కోసం లాటరీలో డబ్బు పోయిస్తారు. మనిషికీ మనిషికీ మధ్య ఏమీ జరగదు, జరుగుతుందన్న ఆశనే అమ్ముతారు. దానికన్నా చీటీ అంటించుకుని నిజాయితీగా వచ్చిన మా కాలపు పెట్టే మేలు.

ఇప్పుడు కొత్తగా కార్డు కంపెనీలు పెత్తనానికి దిగాయి. 2024లో జపాన్‌లో గేమ్‌లు అమ్మే డీఎల్‌సైట్‌లో వీసా, మాస్టర్ కార్డులు ఆగిపోయాయి. 2025 జులైలో స్టీమ్, అలాంటిదే మరో సైటు ఇచ్.ఐఓ కూడా చెల్లింపుల సంస్థల ఒత్తిడికి తలొగ్గి ఎన్నో పెద్దల గేమ్‌లను తీసేయడమో కనిపించకుండా చేయడమో చేశాయి. చెత్త పోతే నాకు చింత లేదు. కానీ చెత్త ఏదో, కథ ఏదో చదివి తేల్చే మనిషి ఆ వ్యవహారంలో లేడు. మన దగ్గరా ఇలాంటి పెత్తనం జరిగింది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయించిన కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ పని చేసింది ప్రభుత్వం కాబట్టి దాని గుమ్మం ముందు వాదించడానికి వీలుండేది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉండగా ఆ నిషేధం తొలగింది. కార్డు కంపెనీ గుమ్మం ఎక్కడుంది? అర్జీ ఎవరికి పెట్టాలి?

కొత్తగా రాసేవాళ్లకు చెప్పేది ఇదే. మొదటి పంక్తి రాయకముందే తేల్చుకోండి. మీ కథలో దేహానికి పని లేకపోతే అమ్మకాల కోసం దాన్ని ఈడ్చుకురావద్దు. చున్‌సాఫ్ట్ వాళ్లకు అక్కర్లేకపోయింది, మీకూ అక్కర్లేదు. పని ఉంటే ఎదిగిన మనుషుల గురించి, పెట్టె మీద వయసు స్పష్టంగా వేసి, మిగతా కథ రాసినంత శ్రద్ధగా ఆ పేజీ కూడా మీరే రాయండి. అలా రాసిన పేజీని ఎవరు కోయమన్నా కోయకండి.