'ఙ'తో ఒక పుస్తకం చెప్పండి

తెలుగు అక్షరాలు 56. ఏడాదికి వారాలు 52. వారానికో అక్షరం. ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పుస్తకం ఎవరికి నచ్చింది వాళ్లు చదవాలి. ఆదివారం సాయంత్రం మా డాబా మీద చేరి దాని గురించి మాట్లాడాలి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి సంచులు మోసుకుంటూ బయటపడి, చెరుకురసం తాగుతూ చేసుకున్న ఒప్పందం ఇది. లెక్కలో నాలుగు తేడా వస్తోందని చెరుకురసం బండి దగ్గర ఎవరికీ తట్టలేదు. జీవితమంతా బ్యాంకులో లెక్కలు సరిచూసిన మనిషి పక్కనే గ్లాసు పట్టుకుని ఉన్నా సరే.

ఆయన్ని మేనేజరు గారు అంటాం. రిటైరైనా ఆ పేరు పోలేదు. మిగతావాళ్లు: తెలుగు పండితుడిగా రిటైరైన మాస్టారు, మా పై వాటాలో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మా వదిన, నేను. ఈ ఐదుగురిలో పుస్తకాలు చదివే మనిషి వదిన ఒక్కతే. మిగతావాళ్లం పుస్తకాలు కొంటాం. రెండూ ఒకటి కాదని ఆ ఏడాదంతా వదిన మాకు గుర్తు చేస్తూనే ఉంది.

తేడా సంగతి మొదట బయటపెట్టింది కుర్రాడు. "ఇంగ్లీషువాళ్లకి హాయండీ. 26 అక్షరాలు, రెండు వారాలకొకటి, సరిగ్గా 52," అన్నాడు. అది మాస్టారికి గుచ్చుకుంది. "ఒరేయ్ అబ్బాయ్, అసలు తెలుగుకి అక్షరాలు 56 అని ఎవడు చెప్పాడు? చిన్నయసూరి బాలవ్యాకరణం చూడు. సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకి 36. అచ్చ తెలుగులో వత్తక్షరాలే లేవు. ఖ లేదు, ఘ లేదు, ఝ లేదు. 36 వారాల్లో ముగిద్దాం, 16 వారాలు విశ్రాంతి."

మేనేజరు గారు వెంటనే బలపరిచారు. విశ్రాంతి అనే మాట ఎక్కడ వినిపించినా ఆయన బలపరుస్తారు. వదిన ఒప్పుకోలేదు. "ఖ లేకపోతే పతంజలి ఖాకీవనం పోతుంది. ఫ లేకపోతే పఠాభి ఫిడేలు రాగాల డజన్ పోతుంది. చిన్నయసూరి 1858లో రాసుకున్నదానికి 1939లో వచ్చిన పుస్తకాన్ని నేనెందుకు వదులుకోవాలి మాస్టారూ?" అంది. మాస్టారు చాలాసేపు ఆకాశంలోకి చూసి, వ్యాకరణం వేరు, కాలక్షేపం వేరు అని తీర్పు మార్చుకున్నారు.

తర్వాతి తగువు పుస్తకం పేరా, రచయిత పేరా అని. రచయిత పేరైతే సులువని మేనేజరు గారి వాదం. కానీ తెలుగు రచయితకి పేరొకటా? చలాన్ని చ కింద పెట్టాలా, గుడిపాటి వెంకటచలం కాబట్టి గ కిందా, వ కిందా? ఆరుద్ర ఆ కింద ఉంటాడా, భాగవతుల సదాశివశంకర శాస్త్రిగా భ కిందికి పోతాడా? ఏ లెక్కన చూసినా ఒకే గూటికి చేరేది శ్రీరంగం శ్రీనివాసరావు అనే శ్రీశ్రీ ఒక్కడే. అందుకని పుస్తకం పేరే ఖాయం చేశాం. పాత పుస్తకాల్లో సగం 'శ్రీ'తోనో 'శ్రీమత్'తోనో మొదలవుతాయి కాబట్టి ఆ గౌరవవాచకాలు లెక్కలోకి రావన్నాం. ఇన్ని నియమాలు పెట్టుకున్నాక అర్థమైంది, ఆ వారం ఎవరం ఒక్క పేజీ కూడా చదవలేదని.

ఏ పదమూ మొదలవని అక్షరాలు తీసేస్తే 46 తేలాయి. ౠ, ఌ, ౡ, ఙ, ఞ, ణ, ళ, సున్నా, విసర్గ, అరసున్నా అన్నీ పోయాయి. మిగిలిన ఆరు వారాలు పండగలకీ పెళ్లిళ్లకీ కేటాయించాం.

అచ్చులు సాఫీగానే సాగాయి. అ వారం రావిశాస్త్రి అల్పజీవి, ఇ వారం సోమరాజు సుశీల ఇల్లేరమ్మ కథలు, ఊ వారం లత ఊహాగానం. ఏ వారం కుర్రాడు సహవాసి అనువాదం ఏడు తరాలు మొదలుపెట్టి, మర్నాడు ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి పూర్తి చేశాడు. ఋ దగ్గర మొదటి ఎదురుదెబ్బ. మాస్టారు కాళిదాసు ఋతుసంహారం తెచ్చారు, ఆరు ఋతువులకి ఆరు సర్గలు. మేనేజరు గారు జేబులోంచి అరచేయంత పుస్తకం తీశారు. ఋణవిమోచన నృసింహ స్తోత్రం. జన్మంతా జనానికి ఋణాలిచ్చిన మనిషి ఇది చదవడం ఏమిటని వదిన అడిగితే, "ఇచ్చినవి వసూలు కావడానికమ్మా," అన్నారు గంభీరంగా. చదవడానికి ఎంతసేపు పట్టిందని కుర్రాడు అడిగాడు. కాఫీ చల్లారేలోపు అయిపోయిందట.

అప్పట్నుంచి ఆయన పద్ధతి అదే. పేజీల సంఖ్య చూడకుండా ఏ పుస్తకమూ ముట్టుకోలేదు. ఐ వారం మనవడి ఐఐటీ ఫౌండేషన్ గైడు పట్టుకొచ్చారు, అందులో ముందుమాట మాత్రమే చదివి. ఘ వారం పుస్తకం కాదు, ఘంటసాల భగవద్గీత క్యాసెట్ తెచ్చారు. అది ఘ అవుతుందా, భ అవుతుందా, అసలు వినడం చదవడం కిందికి వస్తుందా అని గంట కొట్లాడుకున్నాం. ఆ గంటలో క్యాసెట్ ఒక వైపు పూర్తయింది. అందరం విన్నాం. కాబట్టి అందరికీ చెల్లిందన్నారాయన.

ఔ వారం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఔతో మొదలయ్యే నవల ఎవరికీ తట్టలేదు. వదిన లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణంలో ఔషధ మొక్కల మీద అట్ట చిరిగిన పుస్తకం ఒకటి పట్టుకుంది. మేం ఏది చదివినా అది మా బుర్రల్లోనే ఉంటుంది. వదిన చదివినదల్లా వంటింట్లోకి వెళ్తుంది. ఆదివారం డాబా మీదికి కాఫీ బదులు స్టీలు గ్లాసుల్లో నల్లటి ద్రవం వచ్చింది. తిప్పతీగ, నేలవేము, ఇంకేవో. నేలవేము చేదు ఎలాంటిదో తాగినవాళ్లకి చెప్పక్కర్లేదు, తాగనివాళ్లకి చెప్పినా నమ్మరు. మాస్టారు గుక్క తీసుకుని కళ్లు మూసుకుని ఏదో శ్లోకం అందుకున్నారు. కుర్రాడు తన గ్లాసు కుండీలోని తులసిమొక్కకి పోశాడు. వదిన చూసి మళ్లీ నింపింది. ఆ రోజు చర్చ జరగలేదు. అయితే ఒక తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా జరిగింది, వైద్యం మీదా వంట మీదా పుస్తకాలు చదవొచ్చు, ఆచరించకూడదని.

తర్వాత క వచ్చింది. క అంటే సంక్రాంతి ముందురోజు బస్టాండు. కన్యాశుల్కం, కాలాతీత వ్యక్తులు, కొల్లాయిగట్టితేనేమి, కాశీమజిలీ కథలు, అందరూ ఒకే వారంలోకి ఎక్కుదామని చూస్తుంటారు. అందరికీ కన్యాశుల్కమే కావాలి, ఎందుకంటే అందరూ అదివరకే చదివేశారు. మాస్టారు అది పసిగట్టి చీటీలు వేయించారు. నాకు ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర పడింది.

నా అంతట నేనైతే ఆ పుస్తకం జన్మలో ముట్టుకునేవాణ్ని కాదు. పేరులో కాశీ, యాత్ర, చరిత్ర, మూడూ ఉన్నాయి. తీరా చూస్తే ఆయన 1830లో మద్రాసు నుంచి పరివారంతో బయల్దేరి, పల్లకీలో ఉత్తర దేశమంతా తిరిగి, మరుసటి ఏడు ఇల్లు చేరిన మనిషి. దారిలో ఏ ఊళ్లో నీళ్లు బాగున్నాయో, ఏ ఘాట్ ఎలా ఉందో, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ ఎవరు ఎంత సుంకం గుంజారో అన్నీ మిత్రుడికి ఉత్తరాలుగా రాసుకుంటూ పోయాడు. ఆ మిత్రుడు, కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె, 1838లో వాటిని అచ్చు వేయించాడు. రాత్రి అన్నం తిన్నాక నాలుగు పేజీలని మొదలుపెట్టి, హైదరాబాదు దాటేదాకా దీపం ఆర్పలేదు. ఇష్టమైనవే చదువుతానని భీష్మించుకున్నవాడు జీవితాంతం ఏడెనిమిదిమంది రచయితల మధ్యే తిరుగుతాడు. ఆ ఏడెనిమిదిమందినీ ఎంచింది ఇరవయ్యేళ్లప్పటి తను. ఆ ఇరవయ్యేళ్లవాడి తీర్పు మీద నాకిప్పుడు పెద్ద నమ్మకం లేదు. అక్షరక్రమానికి రుచీ తెలియదు, మొహమాటమూ తెలియదు. నాకు అదే కలిసొచ్చింది.

ఘ వారం అయ్యాక కుర్రాడు ఉన్నట్టుండి, "అంకుల్, ఙ ఉంది," అన్నాడు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో. ఇంగ్లీషులో ఆయన పేరు ఎన్, జి అక్షరాలతో మొదలవుతుంది. పలికేటప్పుడు ముక్కులోంచి మొదలై గ మీదికి దిగుతుందట. ఫోనులో ఎవరో పలుకుతుంటే వినిపించాడు. మాస్టారు ముందు నమ్మలేదు. రెండోసారి వినిపించమన్నారు. మూడోసారికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నలభై ఏళ్లు పిల్లల చేత ఙ దిద్దించి, దీంతో ఒక మాట చెప్పండి సార్ అంటే చెప్పలేకపోయిన మనిషి. "ఆఫ్రికాలో ఉందటోయ్!" అన్నారు నా భుజం పట్టుకుని.

చిక్కల్లా గూగీ పుస్తకాలు తెలుగులో బందీ అని బ కిందా, మట్టికాళ్ల మహారాక్షసి అని మ కిందా ఉండటమే. రచయిత పేరు చెల్లదని రాసుకున్నాం కదా! చలానికి దొరకని మినహాయింపు కెన్యా ఆయనకెలా ఇస్తారని మేనేజరు గారు లేచారు. ఇన్నాళ్లకి దొరికిన ఙని పోగొట్టుకోలేనని మాస్టారూ లేచారు. మినహాయింపు ఇచ్చాం. పండగ వారాల్లోంచి ఒకటి తగ్గింది. బందీ అసలు గూగీ జైల్లో గడిపిన రోజుల పుస్తకం. మన దగ్గర దాన్ని తెలుగు చేసింది వరవరరావు. నవ్వుకుంటూ మొదలుపెట్టిన ఆ వారం డాబా మీద ఎవరూ పెద్దగా నవ్వలేదు. మంచి చర్చ జరిగింది ఆ రోజే.

ఝ వారం ఐదుగురిలో నలుగురు ఒకే పుస్తకం తెచ్చారు, పిల్లల బొమ్మల ఝాన్సీ లక్ష్మీబాయి. అందరూ నిజంగా పూర్తి చేసిన పుస్తకం అదొక్కటే కావచ్చు. ఠ వారం మేనేజరు గారు ఠాగూర్ చూశానన్నారు. చదవడం కాదు, చూడటం. చిరంజీవిది, 2003. థ, ఢ ఎలా గడిచాయో అడక్కండి.

ఫ వారం మేనేజరు గారే కాస్త అన్యాయమైపోయారు. మనవరాలు వయొలిన్ నేర్చుకుంటోంది కదా, ఇద్దరికీ పనికొస్తుందని ఫిడేలు రాగాల డజన్ తెచ్చుకున్నారు. పన్నెండు రాగాలు, స్వరాలతో సహా ఉంటాయనుకున్నారు. అది పద్యం నడుం విరగ్గొడతానని బయల్దేరిన పఠాభి వచనకవితల సంపుటి. ఆయనే తర్వాత కన్నడంలో సంస్కార సినిమా తీశాడు. మేనేజరు గారు మాత్రం చివరిదాకా చదివారు, ఎక్కడో ఒకచోట స్వరాలు రాకపోతాయా అని. "కవి చెడ్డవాడు కాదు. నగరం గురించి బాగా రాశాడు," అన్నారు ఆదివారం. ఆ ఏడాది మొత్తంలో ఆయన కరపత్రం కాని పుస్తకం గురించి చెప్పిన ఏకైక అభిప్రాయం అది.

వ వారం వస్తోందంటే అందరికీ గుబులే. విశ్వనాథ వేయిపడగలు. అటకల మీద దుమ్ము కొట్టుకుపోయి ప్రతివాడి ఇంట్లోనూ ఉంటుంది. మాస్టారు చదవాల్సిందేనన్నారు. పి.వి. నరసింహారావు హిందీలోకి సహస్రఫణ్ పేరుతో అనువదించారు కదా, నేను హిందీలో చదువుతాను అన్నాడు కుర్రాడు. పాపం, మంచి ఉద్దేశమే అనుకున్నాం. అలా అయితే అది స వారానికి పోతుందని, ఈలోగా తనకి వేరే ప్రాజెక్టు వస్తుందని వాడి లెక్క. నేను యండమూరి వెన్నెల్లో ఆడపిల్ల పక్కకి చేరాను. మేనేజరు గారు వరలక్ష్మీ వ్రతకల్పం తెచ్చారు. వదిన మాత్రం మాట్లాడకుండా వేయిపడగలు అంత పుస్తకమూ పూర్తి చేసి వచ్చి, అందులోని పసిరిక గురించి చెబుతూ మధ్యలో గొంతు ఆపుకుంది. విశ్వనాథతో నాకు పేచీలు చాలా ఉన్నాయి, ఆవిడకి నాకంటే ఎక్కువున్నాయి. అయినా ఆ సాయంత్రం నేను చదివిన పుస్తకం గురించి చెప్పడానికి నోరు రాలేదు.

హ వారం తిరుమల రామచంద్ర హంపీ నుంచి హరప్పా దాకా. క్ష వారం క్షేత్రయ్య పదాలు. చివరికి ఱ.

ఱతో పుస్తకమేదీ దొరకలేదు. మాస్టారు ఆ రోజు శబ్దరత్నాకరం తెచ్చారు, 1885 నాటి నిఘంటువు. ఱ పేజీలు తెరిచి ఒక్కో పదం చదువుకుంటూ పోయారు. ఱంపము, ఱవిక, ఱాయి, ఱెక్క, ఱేడు, ఱొమ్ము. ఇప్పుడు మనం ర పెట్టి సరిపెట్టుకునే మాటలన్నీ. ఒక్కో మాటకీ కాస్త ఆగి, గొంతు బరువు చేసి, హరికథ చెప్పినట్టు చెప్పారు. ఱేడు దగ్గర చేయి పైకెత్తారు. ఱంపము దగ్గర కోసి చూపించారు. కథ లేకపోయినా మాకేమీ లోటనిపించలేదు.

అయిపోయిందనుకుని కాఫీ గ్లాసులు కింద పెడుతుంటే వదిన అంది, "వచ్చే ఏడాది గుణింతం పెట్టుకుందామా? క, కా, కి, కీ..."

మాస్టారి కళ్లు మెరిశాయి. కుర్రాడు ఫోను చూసుకుంటూ మెల్లగా మెట్ల వైపు జరిగాడు. నేను కః కి ఏం దొరుకుతుందా అని ఆలోచనలో పడ్డాను. మేనేజరు గారు మాత్రం గట్టిగా చేయెత్తారు.

"కృ నాది. ఎవరూ ముట్టుకోవద్దు."

2016 కృష్ణా పుష్కరాల్లో ఘాట్ దగ్గర పంచిపెట్టిన కరపత్రం ఆయన బీరువాలో ఇంకా భద్రంగా ఉందట. రెండు పేజీలే.