కత్తి జాతకం

పెళ్లిచూపులకు వెళ్లినా పెళ్లికొడుకు మేనమామ చూపు పిల్ల మీద నిలవదు, గోడకు వేలాడే పాత కత్తి మీదికి పోతుంది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి జేబులోంచి భూతద్దం తీస్తాడు. "ఒకసారి దించుకోవచ్చా?" అని అడగడం మర్యాదకే. అప్పటికే స్టూలెక్కి ఉంటాడు.

"మా ముత్తాతల నాటిదండీ. 1757లో బొబ్బిలి యుద్ధంలో, ఫ్రెంచి బుస్సీదొర సేన మీద, తాండ్ర పాపారాయుడి పక్కన నిలబడి..." అని ఇంటాయన మొదలెడతాడు. ఈయన వింటేగా! పిడి చివర పళ్లెంలాంటి గుండ్రటి బిళ్ల తడిమి, "తల్వార్ పిడి, మనదేశపుదే" అంటాడు. ఇంటాయన ఛాతీ ఓ అంగుళం పెరుగుతుంది. అలుగు మీద ఎదురెదురుగా రెండు కొడవళ్ల గుర్తు కనబడగానే, "ఇది ఐరోపాది. పిడి మాత్రమే మనవాళ్లు బిగించారు, ఫిరంగి అంటారు" అంటాడు. ఆ అంగుళం తగ్గుతుంది. "అయితే ఆ గుర్తుకు గిరాకీ ఉందని మన కమ్మరులూ కొట్టేశారనుకోండి" అని మళ్లీ ఊపిరి పోస్తాడు. ఇంతకీ కత్తి ఏ ఊరిదో ఆ ఇంట్లో ఎవరికీ తేలదు. పిల్ల పాపం, పాట పాడమంటారేమోనని ఇంకా తలొంచుకునే ఉంటుంది.

అలుగు మీద అసదుల్లా సంతకం ఉంటే ఆయనకు పండగ. "ఈ సంతకాలన్నీ నిజమైతే ఆ ఇస్ఫహాన్ కమ్మరికి ఒక ఆయుష్షు చాలదండీ" అని తానే నవ్వుకుంటాడు. నీటి అలల్లాంటి చారలు కనిపిస్తే మాత్రం గొంతు గద్గదమవుతుంది. అదే ఇస్ఫహాన్ వర్తకులు ఆ చారలు తేలే ఉక్కు కోసం మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చారనీ, 1820ల్లో ఆ కొలుములను చూసిన ఇంగ్లీషు దొర హెన్రీ వాయిసీ రాసిపెట్టాడనీ చెబుతాడు. "ఉక్కు మనది, పేరు డమాస్కస్‌ది!" అని కాబోయే వియ్యంకుణ్ణి నిలదీస్తాడు, ఆయనే దొంగిలించినట్టు. సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఇంతే, గాజుపెట్టెకు ముక్కు ఆనించి చీటీతో వాదిస్తాడు. ఇంట్లో కత్తిపీటనూ వదల్లేదు. వంకాయలు సగంలో ఉండగా తిరగేసి చూస్తుంటే భార్య లాక్కుంది.

ఇక ఆ పెళ్లిచూపుల ఇంటి కత్తి మీద చివరికి తీర్పు: "గుర్తు అసలైనదే. అలుగు ఐరోపా సరుకే."

ఇంటాయన ఒక్క క్షణం వాడిపోయి, మరుక్షణం వంటింట్లోకి కేకేస్తాడు:

"ఏమేవ్, విన్నావా! ముత్తాతగారు ఈ కత్తిని బుస్సీదొర చేతిలోంచే లాక్కున్నారట!"