చాకు దించు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఈ పద్యానికి కర్త ఎవరో తెలియదు. ప్రతులు రెండు లభించాయి. ఒకటి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించిన కాగితం. నూనె మరకలున్నా అక్షరాలు చెడలేదు. దీన్ని ‘ఫ్రిజ్ ప్రతి’ అంటున్నాం. రెండోది అదే ఇంటి పిల్లల నోటుపుస్తకం చివరి పేజీలో ఉంది, కనుక అది ‘పిల్లల ప్రతి’. గ్లూటెన్ పడనివారూ, పాలూ గుడ్డూ తేనే ముట్టని వీగన్లూ ఒకే పళ్ళెంలోంచి తీసుకు తినగల బ్రేక్‌ఫాస్ట్ బార్లను ఇంట్లో చేసుకోవడం ఇందులో వస్తువు. నాలుగు పాదాల్లో రెండు పాదాలు వద్దు వద్దు అనడానికే సరిపోయాయి. మిగిలిన రెంటిలో వంటంతా ఇరికించవలసి రావడంతో కవి చాలా సంగతులు వదిలేశాడు. వదిలేసినవాటిని పూరించడమే వ్యాఖ్యాతకు బతుకుతెరువు.

మూలం

ఆ. గోధుమ వలదింక గుడ్డు తేనియ వద్దు
పాలు నెయ్యి వెన్న పక్క కుంచి
అవిసె జిగురుతోడ నంటించి యోట్సును
చల్లబడిన పిదప చాకు దించు

ప్రతిపదార్థం

ఇంక = ఇకమీదట; గోధుమ = గోధుమయు, దాని సంతానమగు మైదా మొదలైనవియు; వలదు = కూడదు; గుడ్డు = కోడిగుడ్డును; తేనియ = తేనెయు; వద్దు = అక్కరలేదు; పాలు, నెయ్యి, వెన్న = ఈ మూడింటిని; పక్కకు + ఉంచి = అవతల పెట్టి; అవిసె జిగురుతోడన్ = నానిన అవిసెగింజల పొడి నుండి పుట్టిన జిగటతో; ఓట్సును = ఓట్సు అటుకులను; అంటించి = ఒకదానికొకటి పట్టుకొనునట్లు చేసి; చల్లబడిన పిదప = పూర్తిగా ఆరిన తరువాత, ముందు కాదనుట; చాకు = కత్తిని; దించు = దింపుము.

తాత్పర్యం

గోధుమ, గుడ్డు, తేనె, పాలు, నెయ్యి, వెన్న లేకుండా, అవిసె జిగురుతో ఓట్సును ముద్దచేసి, కాల్చి, ఆరనిచ్చి ముక్కలు కోసుకోవాలని భావం.

విశేషాలు

1. గోధుమ. ఇక్కడ గోధుమ ఉపలక్షణం. బార్లీ, రై కూడా ఇందులోకే వస్తాయి. మన వంటింట్లో గోధుమ తన పేరుతో కనిపించేది చపాతీలోనే. మిగతా చోట్ల మారుపేర్లతో తిరుగుతుంది: మైదా, బొంబాయి రవ్వ, సేమియా. కొన్న ఇంగువ డబ్బాలో కూడా గోధుమ పిండి కలిసి ఉండడం మామూలే. గోధుమలోని గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులు నీళ్ళు తగిలి, పిసుకుడు పడితే పెనవేసుకుని సాగే వల అవుతాయి. ఆ వల పేరే గ్లూటెన్. పూరీ పొంగినా, పరోటా సాగినా దాని చలవే. సీలియాక్ అనే జబ్బు ఉన్నవారికి అదే వల చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ ఈ నిందకు దూరం.

2. వలదు, వద్దు, పక్కకుంచి. ఒకే నిషేధానికి మూడు క్రియలెందుకు, పునరుక్తి దోషం కాదా అంటే, కాదు. ‘వలదు’ శరీరం జారీచేసిన ఉత్తర్వు. సీలియాక్ ఉన్నవారికి అందులో సడలింపు లేదు, పండగపూట కూడా. ‘వద్దు’ మనసు తీసుకున్న నిర్ణయం. వీగన్ గుడ్డునూ తేనెనూ మానేది అరగక కాదు, కోడినీ తేనెటీగనూ తలచుకుని. ఇక పాలూ నెయ్యీ వెన్నల విషయానికొచ్చేసరికి కవి గొంతు తగ్గించి ‘పక్కకుంచి’ అన్నాడు. పారబొయ్యమనలేదు. అదే ఇంట్లో పప్పన్నంలోకి నెయ్యి లేనిదే ముద్ద దిగని పెద్దవాళ్ళు ఉన్నారని దీనివల్ల తెలుస్తోంది. మన దేశంలో ప్యాకెట్ల మీది ఆకుపచ్చ చుక్క పాలకూ తేనెకూ అడ్డు చెప్పదు. ఆ చుక్కను చూసి వీగన్ అనుకోవడం పొరపాటు. వీగన్ పదార్థాలకు వేరే గుర్తు ఉంది.

ఇక్కడ ఒక చారిత్రక విశేషం. డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె సీలియాక్ విషయంలో గోధుమను చాలాకాలంగా అనుమానిస్తున్నాడు. 1944–45 శీతాకాలంలో యుద్ధంవల్ల నెదర్లాండ్స్‌లో రొట్టెకు కరువొచ్చింది. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగొచ్చాక జబ్బూ తిరిగొచ్చింది. సరిగ్గా ఆ 1944 నవంబరులోనే ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. పద్యంలోని రెండు నిషేధాలూ ఒకే చలికాలపు కవలలు. ఒకటి తిండి దొరకనిచోట బయటపడింది, ఇంకొకటి ఏది తినవచ్చునో తర్కించినచోట.

3. ఓట్సు. శంక: గోధుమ వద్దన్న కవి ఓట్సును ఎలా రానిచ్చాడు? సమాధానం: ఓట్సులో సహజంగా గ్లూటెన్ లేదు, అవెనిన్ అనే వేరే మాంసకృత్తు ఉంది. అది సీలియాక్ ఉన్నవారిలో చాలామందికి పడుతుంది, కొద్దిమందికి పడదు. అసలు చిక్కు సహవాస దోషం. ఓట్సు గోధుమ పొలం పక్కనే పండి, అదే లారీలో ప్రయాణించి, అదే మరలో పడుతుంది. అందుకని కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేదని ముద్ర ఉన్న ఓట్సునే మూలంలోని ‘ఓట్సు’గా గ్రహించాలి. ఆ పూచీ దొరకనిచోట జొన్న అటుకులను ఆదేశంగా తెచ్చుకోవచ్చు. ముందు బాణలిలో కాస్త వేయించుకుంటే పచ్చివాసన పోతుంది. ఓట్సు బదులు జొన్న పెట్టినా యతి ‘అ’కారానికి గనుక ఛందస్సుకు ఏమీ కాదు.

4. అవిసె జిగురు: బంధ విచారం. అవిసె అనగా ఆకు కూరగా వండుకునే అవిసె చెట్టు కాదు, నూనెగింజ. పద్యానికి ప్రాణం ఈ సమాసంలోనే ఉంది. మామూలు బార్‌ను పట్టి ఉంచేవి గ్లూటెన్, గుడ్డు, తేనె, వెన్న. కవి మొదటి రెండు పాదాల్లో ఆ నలుగురినీ బయటికి పంపించేశాడు. వేదాంతంలో బంధం పోతే మోక్షం, వంటలో బంధం పోతే పొడి. మరి ఏది పట్టుకుంటుంది? దీనిమీద మూడు మతాలున్నాయి.

పాకవాదులు బెల్లప్పాకం చాలంటారు. బెల్లాన్ని ఉండపాకం వచ్చేదాకా కాచి, పలుకులు కలిపి ఒత్తితే చల్లారేసరికి రాయిలా బిగుస్తుంది. నిజమే, కానీ దాని పేరు పల్లీపట్టి. దానికి ఓవెన్ అక్కర్లేదు, ఈ పద్యమూ అక్కర్లేదు. పైగా పాకం ఒక్క నిమిషం ముదిరితే పంటి డాక్టరుకు పని.

ఖర్జూరవాదులు గింజ తీసిన ఖర్జూరాలను వేణ్ణీళ్ళలో నానబెట్టి రుబ్బిన ముద్దే ఏకైక బంధమంటారు. తీపీ జిగటా ఒకేసారి వస్తాయి. కానీ ఒట్టి ఖర్జూరంతో చేసిన బార్ మెత్తగా జారి, ఎండాకాలం డబ్బాలో ఒకదానికొకటి అతుక్కుని మళ్ళీ ముద్ద అవుతుంది.

అవిసెవాదులు మూలాన్ని యథాతథంగా పట్టుకుంటారు. చెంచాడు అవిసె పొడికి మూడు చెంచాల నీళ్ళు పోసి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే గింజ పైతొక్కలోని జిగురు ఊరి, గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఒక గుడ్డుకు ఇది ఆదేశం. పొడి చెయ్యకుండా గింజలే వేస్తే, తిన్నా అరగకుండానే చాలావరకు బయటికి పోతాయి. అయితే ఈ జిగురు కాలితేనే గట్టిపడుతుంది. దీనికి తీపి లేదు, బరువైన పలుకులను ఒంటరిగా మొయ్యలేదు.

సిద్ధాంతం సముచ్చయవాదం. రెండు కప్పుల ఓట్సుకు ఒక కప్పు ఖర్జూర ముద్ద, వేయించిన పల్లీలను నూనె తేలేదాకా రుబ్బిన ముద్ద అరకప్పు, రెండు చెంచాల అవిసె పొడితో చేసిన జిగురు. పైన అరకప్పు గుమ్మడి గింజలు, పావుకప్పు నువ్వులు, చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు. ఖర్జూరం తడిగా పట్టుకుంటుంది, పల్లీముద్ద చల్లారాక బిగుస్తుంది, అవిసె కాలాక నిలుస్తుంది. కవి అవిసెను మాత్రమే పేర్కొన్నది మిగతా రెంటినీ కాదని కాదు, పాదంలో చోటు చాలక.

5. కాల్చి. ఈ క్రియ మూలంలో ఎక్కడా లేదు. బార్లకు ఓవెన్ కావాలని మనకెలా తెలుసు? అర్థాపత్తివల్ల. ‘చల్లబడిన’ అన్నాడు గనుక అంతకు ముందు వేడిగా ఉండి తీరాలి. కాబట్టి అధ్యాహారం ఇలా చేసుకోవాలి: ఎనిమిది అంగుళాల చదరపు పళ్ళెంలో బటర్ పేపర్ పరచి (పేరులో వెన్న ఉన్నా కాగితంలో లేదు, వీగన్లు భయపడనక్కర్లేదు), ముద్దను వేసి, తడిచేత్తో గట్టిగా ఒత్తాలి. ఎంత గట్టిగా అంటే, గిన్నె అడుగుతో కూడా అదమాలి. ‘అంటించి’ అన్న క్రియలో ఈ ఒత్తుడంతా ఉంది, వదులుగా పరిచినవాడు ముక్కలకు బదులు పొడి తింటాడు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర సుమారు 25 నిమిషాలు, అంచులు బంగారు రంగుకు తిరిగేదాకా.

6. పాఠాంతరం. నాలుగో పాదానికి పిల్లల ప్రతిలో ‘చల్లబడక మునుపె చాకు దించు’ అని ఉంది. ఇది గణాలకు సరిపోతుంది, యతి కూడా చెడదు. అందువల్లే ప్రమాదకరం. ఈ పాఠంలో ఛందస్సు నిలుస్తుంది, బార్ నిలవదు. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే పల్లీముద్ద ఇంకా వదులుగా ఉంటుంది, ఖర్జూరపు చక్కెర మెత్తగా ఉంటుంది, చాకు పడగానే అంచులు రాలిపోతాయి. గంటకు పైగా ఆరనిచ్చి, వీలైతే అరగంట ఫ్రిజ్‌లో పెట్టి కోస్తే చాకు అంటకుండా దిగుతుంది. రాలిన అంచులు ఎవరి వాటా అవుతాయో ఆలోచిస్తే ఈ పాఠం ఎలా పుట్టిందో తెలుస్తుంది. కనుక ఇది ప్రక్షిప్తం. ఫ్రిజ్ ప్రతే శిరోధార్యం.

పూర్వపక్షం

ఇడ్లీ ఉండగా ఇదంతా ఎందుకని ఒక ఆక్షేపణ. మినప్పప్పూ బియ్యపు రవ్వా, అంతే. గోధుమ లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. పెసరట్టూ అంతే. దానిమీద అభ్యంతరం లేదు, లోపలి ఉప్మామీదే ఉంది. నువ్వులూ బెల్లమూ దంచి చేసే చిమ్మిలి ఈ పద్యం పుట్టక ముందే పద్యం కోరినవన్నీ తీర్చింది. కొత్త పేర్ల కోసం ఓవెన్ కొనాలా?

ఆక్షేపణ బలమైనదే. దీనికి సమాధానం ఉత్సర్గ, అపవాద న్యాయం, అంటే సామాన్య నియమం, దానికి మినహాయింపు. ఇడ్లీ ఉత్సర్గం, బార్ అపవాదం. కూర్చోవడానికి పీటా, చట్నీకి గిన్నే, చేతులు కడుక్కోవడానికి వ్యవధీ ఉన్నచోట ఇడ్లీకే అధికారం. లోకల్ రైల్లో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డవాడికి, సాంబారు ఒలికే అవకాశం పుష్కలంగా ఉన్నవాడికి, బార్. అపవాదం ఉత్సర్గాన్ని రద్దు చెయ్యదు, దాని మానాన అది ఉంటుంది. ఫ్రిజ్‌లో వారం నిలవ ఉండడం అపవాదానికున్న అదనపు బలం.

ఆరోగ్యం: ధ్వని విచారం

ఈ పద్యం ‘ఆరోగ్యకరమైన’ బార్లను గురించినదని లోకంలో ప్రతీతి. మూలం ఎన్నిసార్లు చదివినా ఆ మాట లేదు. వాచ్యం కాకపోతే వ్యంగ్యమని, గోధుమా గుడ్డూ నెయ్యీ పోయాయంటే ఆరోగ్యం దానంతటదే ధ్వనిస్తోందని కొందరంటారు. అది సాహసం. లేనివాటి జాబితా ఎవరికి పడదో వాళ్ళకు రక్షణ, అందరికీ మందు కాదు. గోధుమ బాగానే పడేవాడు దాన్ని మానేసినంత మాత్రాన ఏమీ గెలుచుకోడు. ఉన్నవాటి లెక్క చూద్దాం. పై కొలతలతో పళ్ళెం మొత్తం సుమారు 2,500 కిలోకేలరీలు. ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండొంతులు చక్కెరే. పల్లీలూ నువ్వులూ మంచివే, నూనెగింజలు గనుక బరువైనవి కూడా. పళ్ళేన్ని 16 ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 150 కిలోకేలరీల పైచిలుకు, పొద్దున్నే ఒక పండుతో కలిపి తినదగినది. నాలుగే ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 600 దాటుతుంది. రెండు సందర్భాల్లోనూ అదే ఓట్సు, అదే అవిసె, అదే వీగన్, అదే గ్లూటెన్ లేనితనం. మారింది కోత ఒక్కటే.

కాబట్టి ఆరోగ్యం అనేది ఈ పద్యంలో ఉంటే గింటే ‘చాకు’ అన్న చోటే ఉంది. మొదటి రెండు పాదాల్లో ఆరు పదార్థాలు మానినవాడు చివరి పాదంలో చాకును నాలుగంగుళాలు దూరం జరిపాడంటే చేసిన త్యాగమంతా తిరిగి తినేసినట్టే. ఎన్ని ముక్కలో కవి చెప్పలేదు. వ్యాఖ్యాత తీర్పు: పదహారు. దీనికి పాఠాంతరాలను అనుమతించడం లేదు.

ఫలశ్రుతి

పద్యానికి ఫలశ్రుతి లేదు, నిజాయితీ గల వంటకు ఉండదు కూడా. ఫలశ్రుతులన్నీ కొన్న బార్ల ప్యాకెట్లకే ఉంటాయి: ముందువైపు పెద్ద అక్షరాల్లో శక్తి, పీచు, ప్రకృతి. వాటి ప్రతిపదార్థం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. చట్టం ప్రకారం అక్కడ ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలి. మొదటి మూడు పేర్లలో చక్కెరో, గ్లూకోజు పాకమో, బెల్లమో కనిపిస్తే అది మిఠాయి, ఎన్ని వద్దులు రాసి ఉన్నా సరే. ఇంటి బార్‌కూ అలాంటి పరీక్షే పెట్టి, ఓట్సు కొలత ఖర్జూరం కొలత కంటే పెద్దదేనని చూసుకున్నాకే చాకు దించాలి.