ప్యాడ్ బాబాయి

లాప్‌టాప్ కొనాలంటే మా చుట్టాల్లో ఎవరైనా సరే ప్యాడ్ బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లాల్సిందే. పిలవకపోయినా వస్తాడు, అది వేరే సంగతి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఆయన మెట్లెక్కడం చూస్తే చాలు, తెలిసిన సేల్స్ కుర్రాళ్లు టీకి వెళ్లిపోతారు.

కొత్త కుర్రాడొకడు దొరుకుతాడు. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అంటూ దండకం మొదలెడతాడు. బాబాయి వినడు. చూపుడు వేలు చొక్కాకి తుడుచుకుని, నాడి చూసే వైద్యుడిలా కళ్లు అరమూసి, కీబోర్డు కింద ఉండే టచ్‌ప్యాడ్ పలక మీద పెడతాడు. ముందు ఏటవాలుగా ఒక గీత, బహు నెమ్మదిగా. తెర మీద బాణం మెట్లుమెట్లుగా కదిలిందా, మొహం ముడుచుకుంటుంది. తర్వాత రెండు వేళ్లతో పేజీ జరుపుతాడు. చివర్లో అసలు పరీక్ష: స్పేస్‌బార్ కిందే ఉన్న పై అంచుని నొక్కుతాడు. అది దిగదు.

"మడతబందు పైన పెట్టారు. కింద నొక్కితేనే పలుకుతుంది. 60 వేలు పుచ్చుకుని సగం ప్యాడ్ ఇస్తారా నాయనా?"

"మౌస్ ఫ్రీగా ఇస్తాం సార్."

"అంటే ఇది పనికిరాదని నువ్వే ఒప్పుకున్నావు!"

ఇక చరిత్ర పాఠం. 2008లో ఆపిల్ మ్యాక్‌బుక్‌కి గాజు పలక వేసి విడి బటన్ తీసేసింది. 2015లో అసలు కిందికి దిగనే దిగని పలక తెచ్చింది. మనం ఎంత గట్టిగా నొక్కామో కొలిచి, అయస్కాంతంతో చిన్న కుదుపు ఇస్తుంది, వేలు మోసపోతుంది. విండోస్ వాళ్లకి ఒక్కో కంపెనీ ఒక్కో డ్రైవర్ అంటగట్టేది. 2013లో మైక్రోసాఫ్ట్ ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ పద్ధతి తెచ్చాక ఆ గోల తగ్గింది. "ర్యామ్ ఎంతో అట్టపెట్టె మీద అచ్చేస్తారు, ప్యాడ్ గాజుదో ప్లాస్టిక్‌దో వేస్తారా? అందుకే కక్కుర్తంతా ఇక్కడే" అని ముగిస్తాడు. వెటకారం చేద్దామనుకుంటాం గానీ, మనం రోజంతా తాకేది ర్యామ్‌ని కాదు కదా.

ఒకసారి మేనకోడలు ఫోన్ చేసింది, చార్జింగ్ పెడితే బాణం గంతులేస్తోందని. బాబాయి టెస్టర్ పట్టుకుని దిగాడు. లాప్‌టాప్ ముట్టుకోకుండా స్విచ్‌బోర్డు విప్పాడు. మూడో పిన్ను రంధ్రం ఉంది గానీ, దాని వెనక ఎర్త్ వైరే లేదు! టచ్‌ప్యాడ్ అంటే వేలు తగిలినప్పుడు వచ్చే అతి చిన్న విద్యుత్ మార్పుని పట్టుకునే యంత్రం. ఎర్త్ లేకపోతే చార్జర్ రొదని కూడా వేలే అనుకుంటుంది. రోగం కుదిరింది. ఎలక్ట్రీషియన్ బిల్లు మాత్రం మేనకోడలిదే.

ఆ పిల్ల పెళ్లిచూపుల్లో పెద్దలు గోత్రం, జీతం అడుగుతుంటే ఈయన అబ్బాయి లాప్‌టాప్ అడిగి తెప్పించుకున్నాడు. రెండు అరచేతులూ ఆనించి టైపు చేసి, "బాణం బెసకలేదు. ఖాయం చేసుకోండి" అన్నాడు.

మీరు కొనేటప్పుడు పై అంచు ఒకసారి నొక్కి చూసుకోండి, చాలు. కాదూ, బాబాయినే తీసుకెళ్తామంటారా, మధ్యాహ్నం భోజనం కట్టుకుని వెళ్లండి.